షెనండోవా, సస్క్వెహానా, న్యూ రివర్: ఇంటిల్లిపాదితో వెళ్ళి స్మాల్‌మౌత్ బాస్ పట్టాలంటే ఏ నది?

వర్జీనియాలోనో మేరీల్యాండ్‌లోనో ఉంటూ, వేసవిలో మూడు నాలుగు రోజులు పిల్లల్ని తీసుకుని ఎటైనా వెళ్దామనుకుంటూ, ఆ నాలుగు రోజుల్లో కాస్త గాలం కూడా వేయాలని మనసులో ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మేం ఉత్తర వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఉంటాం. గత కొన్నేళ్ళుగా ప్రతి వేసవికీ ఏదో ఒక నదికి వెళ్తున్నాం, ఒకసారి మేం నలుగురమే, ఒకసారి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో కలిసి ఆరుగురం. మూడు నదుల్లోనూ పట్టాను కాబట్టి తేడాలు చెప్పగలను.

నా సలహా ముందే చెప్పేస్తా. మొదటిసారి వెళ్తున్నారా, వెంట చిన్నపిల్లలో పెద్దవాళ్ళో ఉన్నారా, అయితే షెనండోవా నది పాయల్లో ఒకటైన సౌత్ ఫోర్క్. పెద్ద చేప పట్టాలని గట్టిగా ఉంది, మీరు నీళ్ళలో ఉన్నంతసేపు పిల్లలకి ఇంకో కాలక్షేపం కావాలి అనుకుంటే సస్క్వెహానా. పిల్లలు టీనేజ్‌కి వచ్చేసి, ఈత బాగా వచ్చి, నీళ్ళంటే సరదా పడుతుంటే న్యూ రివర్. చేప సైజు చూసి నదిని ఎంచుకోకండి, మీ ఇంట్లో నీళ్ళకి ఎక్కువ భయపడే మనిషిని చూసి ఎంచుకోండి. ఆ మనిషి ఒడ్డున స్థిమితంగా కూర్చోగలిగితే మీరు రెండు గంటలు చేపల మీద ధ్యాస పెట్టగలరు. లేకపోతే అరగంటకి ఒకసారి ఫోన్ మోగుతుంది, సెలవూ పాడు, వేటా పాడు.

స్మాల్‌మౌత్ బాస్ అంటే తెలియనివాళ్ళ కోసం కాస్త. మా నాన్నగారిది రాజోలు దగ్గర. కాలవగట్టు మీద వెదురుకర్రకి దారం కట్టి, బెండు వేసి, వానపాము గుచ్చి మట్టగిడసలూ పరిగెలూ పట్టినాయన. చెరువులో కొరమీను ఎలా నాచులో నక్కి కప్ప దగ్గరకి రాగానే ఎగిరి పట్టుకుంటుందో ఆయనకి బాగా తెలుసు. స్మాల్‌మౌత్‌ది కూడా కాచుకుని కొట్టే బుద్ధే కానీ అది నిలవనీటి చేప కాదు, పారే నీళ్ళూ, గులకరాళ్ళూ, బండలూ ఉన్నచోట బతుకుతుంది. వడిగా పారే నీళ్ళు ఒక బండని కొట్టుకుని చీలిపోతాయి చూడండి, ఆ బండ వెనక మంచం పట్టేంత జాగాలో నీళ్ళు నెమ్మదిస్తాయి. చేప అక్కడ ఉంటుంది, పక్కనుంచి కొట్టుకొచ్చే తిండి కోసం చూస్తూ. ఒళ్ళు పాత ఇత్తడి చెంబు రంగు, పక్కల మీద నిలువు చారలు, కన్ను ఎర్రగా ఉంటుంది. దీని చుట్టమే అయిన లార్జ్‌మౌత్ బాస్‌కి నోటి చివర కంటిని దాటి వెనక్కి పోతుంది, దీనికి కంటి దాకానే ఆగుతుంది, గుర్తుపట్టడం అంతే. గాలం తగలగానే నీళ్ళలోంచి పైకి లేచి తల విదిలిస్తుంది. అరకిలో చేప రాడ్‌ని అంతలా వంచుతుందని పట్టేదాకా నమ్మరు.

అసలు ఇది పొటోమాక్, షెనండోవా నదుల సొంత చేప కూడా కాదు. 1854లో వీలింగ్ నుంచి కొన్ని చేపల్ని రైలింజన్ నీళ్ళ ట్యాంకులో వేసి కంబర్లాండ్‌కి తెచ్చి వదిలారు, అక్కడి నుంచి పొటోమాక్, అందులో కలిసే షెనండోవా అంతా పాకాయి. వలస వచ్చి ఇక్కడి నీళ్ళకి అలవాటుపడ్డ చేప అని చెప్తే మా నాన్నగారికి దాని మీద ఇష్టం ఇంకా పెరిగింది.

ఇక నదులు. సౌత్ ఫోర్క్ పోర్ట్ రిపబ్లిక్ దగ్గర పుట్టి, ఒకపక్క బ్లూరిడ్జ్ కొండలు, ఇంకోపక్క మాసనటెన్ కొండ, ఆ మధ్యన మెలికలు తిరుగుతూ ఉత్తరానికి పారి ఫ్రంట్ రాయల్ దగ్గర నార్త్ ఫోర్క్‌తో కలుస్తుంది. మాకు గంటన్నర డ్రైవ్. లూరే ఊళ్ళోనో బెంటన్‌విల్ దగ్గరో క్యాబిన్ తీసుకుంటే అన్నీ దగ్గరే. చాలాచోట్ల వేసవిలో నీళ్ళు మోకాలి నుంచి నడుం దాకా ఉంటాయి, అడుగున రాతిపలకలు మెట్లలాగా అడ్డంగా పరుచుకుని ఉంటాయి, ఆ మెట్ల మధ్య పల్లాల్లో చేపలుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, మీరు పొద్దున్నే నీళ్ళలో దిగితే ఇంట్లోవాళ్ళు నిద్రలేచి టిఫిన్ చేసేసరికి మీరు తిరిగి వచ్చేయొచ్చు. తర్వాత లూరే గుహలు, కొండల మీదుగా పోయే స్కైలైన్ డ్రైవ్ రోడ్డు, అమ్మమ్మలూ తాతయ్యలూ కూడా ఇబ్బంది పడకుండా చూడగలిగినవి. బెంటన్‌విల్ దగ్గరి స్టేట్ పార్క్‌లో నది పక్కనే చెట్లకింద బల్లలున్నాయి, మా అమ్మ పులిహోర డబ్బా విప్పుకుని అక్కడ కూర్చుంటే ఎదురుగా నీళ్ళలో మేం కనిపిస్తూనే ఉంటాం. నేను సౌత్ ఫోర్క్ అని పట్టుబట్టడానికి సగం కారణం ఆ బల్లలే.

దీనికి లోటు రెండు. చేపలు ఎక్కువే కానీ చాలావరకు పది పన్నెండు అంగుళాలవే. ఆగస్టు వచ్చేసరికి ఎండకి నీళ్ళు తగ్గి, నాచు పెరిగి, గాలం విసిరిన ప్రతిసారీ పచ్చటి పీచు చుట్టుకుని వస్తుంది. మేం ఒక ఆగస్టులో కనూ (తెడ్లతో నడిపే సన్నటి పడవ) అద్దెకు తీసుకుని వెళ్ళాం, అడుగు రాళ్ళకి గీసుకుపోతుంటే ఏడెనిమిది చోట్ల అందరం దిగి తోయాల్సి వచ్చింది, మధ్యాహ్నం ఎండలో మా ఆవిడ ముఖం చూడలేకపోయాను. అద్దెకిచ్చినవాళ్ళు ఆ వారం నీళ్ళు తక్కువని ఒక్కమాట అనలేదు. అప్పటినుంచి నేనే ముందు నదుల నీటిమట్టాలు కొలిచే ప్రభుత్వ సంస్థ యూఎస్‌జీఎస్ వాళ్ళ సైట్‌లో లూరే దగ్గరి గేజ్ చూసుకుని, ఆ రోజుకి మామూలుగా ఉండాల్సిన మట్టం కంటే బాగా తక్కువుంటే కనూ మానేసి, నడిచి దిగే చోటికే వెళ్తున్నాను.

సస్క్వెహానా వేరే లెక్క. పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్ దగ్గర నది దాదాపు మైలు వెడల్పు, వేసవిలో నీళ్ళు పలచగా, ఎటు చూసినా బండలూ గడ్డి లంకలూ. గోదావరిని చూసినవాళ్ళకి ఆ వెడల్పు చూడగానే ప్రాణం లేచి వస్తుంది. ఊరికి కాస్త ఎగువన 1902లో కట్టిన రాక్‌విల్ రాతి రైలువంతెన ఉంది, 48 ఆర్చీలు, దాని కింద నిలబడి పొద్దుటిపూట గాలం వేయడం నాకు చాలా ఇష్టం. చేపలు కూడా పెద్దవి, 17, 18 అంగుళాలవి తగలడం ఇక్కడ మరీ అరుదు కాదు. జులై చివర్లో, ఆగస్టులో చీకటిపడే వేళకి తెల్లటి పురుగులు నీళ్ళలోంచి లేస్తాయి, తొలకరి వానకి మన వీధిదీపాల చుట్టూ ఉసిళ్ళు లేచినట్టే, లెక్కకి అందనన్ని. అప్పుడు చేపలు నీటి మీదకి వచ్చి తింటాయి. ఆ అరగంటలో పైన తేలే ఎర ఏది వేసినా కొడతాయి.

కానీ కుటుంబం సంగతికొస్తే ఇది ఒంటరి వేట నది. మంచి చోట్లకి వెళ్ళాలంటే పడవ కావాలి, అదీ ప్రొపెల్లర్ ఉన్నది కాదు, ఆ బండల మీద అది విరిగిపోతుంది, నీళ్ళు చిమ్ముతూ నడిచే జెట్ ఇంజన్ పడవ. అంటే గైడ్. గైడ్‌తో వెళ్తే మామూలుగా ఇద్దరికే చోటు, సగం రోజో రోజంతానో మీరు వాళ్ళ మధ్య ఉండరు. హర్షీపార్క్ అనే వినోదాల పార్క్ అక్కడికి అరగంట లోపే కాబట్టి మా ఆవిడా ఆడపడుచూ పిల్లల్ని తీసుకుని అటు వెళ్ళారు, నేనూ మా బావగారూ నదికి వెళ్ళాం, ఆ ఏర్పాటు అందరికీ బాగా కుదిరింది. రెండు కుటుంబాలు కలిసి వెళ్తే సస్క్వెహానా చాలా మంచి ఎంపిక. ఒక్క కుటుంబమే అయితే, పిల్లల్ని ఒక్కరి మీద వదిలేసి పోవడం నాకైతే సబబు అనిపించదు. ఇంకోమాట, హారిస్‌బర్గ్‌లో డాక్ స్ట్రీట్ దగ్గర నదికి అడ్డంగా తక్కువ ఎత్తు ఆనకట్ట ఉంది. పైనుంచి చూస్తే ఏమీ లేనట్టే కనిపిస్తుంది, కింద మాత్రం నీళ్ళు వెనక్కి తిరిగే సుడి, అందులో పడ్డవాళ్ళు లైఫ్ జాకెట్ ఉన్నా బయటపడలేక చనిపోయారు. కయాక్ వేసుకుని ఆ చుట్టుపక్కలకి అసలు పోకండి.

న్యూ రివర్ వెస్ట్ వర్జీనియాలో, మాకు నాలుగున్నర ఐదు గంటల దూరం. 2020 డిసెంబర్‌లో నేషనల్ పార్క్ హోదా వచ్చింది, అక్కడి గార్జ్ (ఇరుకు లోయ) మీద 1977లో తెరిచిన వంతెన నీళ్ళకి 876 అడుగుల ఎత్తున ఉంటుంది, కిందికి చూస్తే పడవలు బియ్యపుగింజల్లా కనిపిస్తాయి. చేపలవేట ఎక్కువగా గైడ్ తెడ్లు వేసే రాఫ్ట్‌లో (గాలి నింపిన రబ్బరు పడవలో) ఉంటుంది, వడి దాటుతూ మధ్యమధ్య మడుగుల్లో ఆగి గాలం వేస్తారు. సరదాకి సరదా, చేపకి చేప. హింటన్ నుంచి థర్మండ్ దాకా పైభాగం కాస్త నెమ్మది, ఆ కింద గార్జ్‌లోది పెద్ద వడి, అక్కడికి చిన్నపిల్లల్ని తీసుకెళ్ళరు, తీసుకెళ్తామన్నా వద్దనండి. నాలుగు రోజుల సెలవులో రెండు రోజులు కారులోనే పోతాయి, అది గుర్తుంచుకోండి. పెద్దవాళ్ళుంటే శాండ్‌స్టోన్ జలపాతం దగ్గర చెక్కబాట వేశారు, నడక కొద్దిగానే, నీళ్ళ హోరు వింటూ కాసేపు కూర్చోవచ్చు.

నది తేలాక అసలు ప్రశ్న నడిచి దిగడమా, కనూనా, గైడా అన్నది. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ సెలవు బాగుండటమూ పాడవటమూ ఎక్కువగా దీని మీదే ఆధారపడి ఉంటుంది. నా ఓటు మొదటి రోజు నడిచి దిగడానికే. ఖర్చు లేదు, విసుగొస్తే బయటికి వచ్చేయొచ్చు, పిల్లలు ఒడ్డున రాళ్ళు తిరగేసి క్రాఫిష్‌లు వెతుక్కుంటారు. మా చిన్నది ఆరేళ్ళప్పుడు ఒక రాయి ఎత్తి, కింద రొయ్యకి పీత డెక్కలు అతికించినట్టున్నది గభాల్న వెనక్కి దూకితే, అమ్మో అని అరిచి, మళ్ళీ ఇంకో రాయి ఎత్తింది. అదే బాస్‌కి ఇష్టమైన తిండి, అది వెనక్కి దూకే తీరు చూస్తే ఎరని ఎలా లాగాలో కూడా అర్థమవుతుంది, అడుగున చిన్నగా ఒక కుదుపు, ఆగడం, మళ్ళీ కుదుపు. చెప్పులతో దిగొద్దు, వేళ్ళు మూసుకుపోయే పాత బూట్లు వేసుకోండి, నాచు పట్టిన పలక మీద కాలు సబ్బు మీద పెట్టినట్టే జారుతుంది. వడిలో పడిపోతే వెంటనే లేచి నిలబడాలని చూడొద్దు, పాదం రాళ్ళ సందులో ఇరుక్కుంటే నీళ్ళు మనిషిని ముందుకి తోసేస్తాయి. వెల్లకిలా తేలుతూ, కాళ్ళు ముందుకి పెట్టి, నీళ్ళు నెమ్మదించేదాకా పోవాలి. పిల్లలకి ఇది ఇంట్లోనే చెప్పి తీసుకెళ్ళండి.

కనూ అయితే నీళ్ళు సరిపడా ఉన్న జూన్‌లో, అదీ వాళ్ళు చూపించే దూరాల్లో అన్నిటికంటే చిన్నది తీసుకోండి. ఏడెనిమిది మైళ్ళు మూడు గంటల్లో అయిపోతాయంటారు, గాలం వేస్తూ, పిల్లలతో ఆగుతూ పోతే రోజంతా పడుతుంది. లైఫ్ జాకెట్ చిన్నపిల్లకి తొడిగి, బకిల్స్ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, చెవులదాకా లేచిందంటే అది ఆ పిల్లది కాదు. ఒకచోట మాకు మూడోసారికి గానీ సరైనది ఇవ్వలేదు, వెనక లైన్‌లో ఎంతమంది ఉన్నా మొహమాటపడకుండా మార్పించుకోండి. గైడ్ సంగతి డబ్బుతో కూడినది, నదిని త్వరగా నేర్చుకోవాలంటే ఒక్కసారి పెట్టుకోవడం మంచిదే, పదకొండు పన్నెండేళ్ళ పిల్లాడితో మీరిద్దరే వెళ్తే ఇంకా మంచిది.

ఎరల్లో పెద్దగా తికమక లేదు. ఆరున్నర అడుగుల స్పిన్నింగ్ రాడ్, 6 లేదా 8 పౌండ్ల దారం చాలు. చిన్నపిల్లలకి బెండు, వానపాము. దానికి బాస్ కంటే ఎక్కువగా అరచేతంత రెడ్‌బ్రెస్ట్ సన్‌ఫిష్‌లు పడతాయి, పొట్ట నారింజ రంగులో మెరుస్తుంది, పిల్లలకి అదే పండగ. పెద్దవాళ్ళు మాత్రం వానపాముతో బాస్ పట్టకపోతేనే మంచిది, అది గొంతుదాకా మింగేస్తుంది, వదిలినా బతకడం కష్టం. నెడ్ రిగ్ అని చిటికెనవేలంత రబ్బరు ముక్కని పుట్టగొడుగులాంటి సీసం గుండు ఉన్న ముల్లుకి గుచ్చుతారు, క్రాఫిష్ రంగుది ఒక ప్యాకెట్ కొనండి, ఈ మూడు నదుల్లోనూ పనికొస్తుంది. అడుగున రాళ్ళ సందుల్లో ఇరుక్కుని కొన్ని పోతాయి, ఎక్కువే తీసుకెళ్ళండి. పొద్దున్నే, చీకటిపడే వేళా పైన తేలే పాపర్ అనే ఎర. ముల్లుకి వెనక ఉండే కొక్కెం చివరని ప్లయర్స్‌తో నొక్కేస్తే చేపకీ తేలిక, పొరపాటున పిల్లల వేలికి గుచ్చుకుంటే తీయడమూ తేలిక.

చాలామంది అడిగేది పులుసు సంగతి. షెనండోవా సౌత్ ఫోర్క్ చేప వండొద్దు. ఎగువన వేన్స్‌బరోలో ఒక ఫ్యాక్టరీలో 1929 నుంచి 1950 దాకా వాడిన పాదరసం నదిలోకి చేరింది, ఇప్పటికీ చేపల్లో ఉంది, తినడం గురించి ఆరోగ్యశాఖ హెచ్చరికలున్నాయి. సస్క్వెహానాలో 2005 నుంచి పిల్లచేపలు జబ్బులతో చనిపోవడంతో హారిస్‌బర్గ్ చుట్టుపక్కల మైళ్ళకొద్దీ బాస్‌ని పట్టిన వెంటనే వదిలేయాలని నిబంధన పెట్టారు. అవి లేకపోయినా నేను వదిలేయమనే అంటాను, ఈ నదుల్లో 12 అంగుళాలు పెరగడానికి దానికి నాలుగేళ్ళ దాకా పడుతుంది. మా నాన్నగారు మొదటి చేప వదిలేస్తుంటే చాలా బాధపడ్డారు, పట్టింది నీళ్ళలో వదలడం ఆయన ఎన్నడూ ఎరగరు. రెండోరోజు తనే చెయ్యి తడుపుకుని, కింది పెదవి బొటనవేలితో పట్టుకుని (పళ్ళుండవు, గరుకుకాగితంలా ఉంటుంది), నీళ్ళలో ఎదురు మొహంగా ఒక క్షణం ఉంచి వదిలారు. తోక విసురుకి ఆయన కళ్ళజోడు తడిసింది. పులుసుకి దారిలో స్టోర్‌లో క్యాట్‌ఫిష్ కొనుక్కుని, చింతపండు ఇంటినుంచే తీసుకెళ్ళండి, క్యాబిన్ వంటగదిలో అది దొరకదు.

వేళ మాట. జులై, ఆగస్టుల్లో పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం ఏడు తర్వాత. మధ్యలో చేపకీ మనకీ విశ్రాంతే. వాన పడి నీళ్ళు మట్టిరంగుకి తిరిగితే ఆ రోజుకి వదిలేయండి. గోదావరికి ఎర్రనీళ్ళొస్తే పులస వచ్చిందని సంబరపడతాం, ఇక్కడ ఎర్రనీళ్ళొస్తే రాడ్ మడిచిపెట్టి గుహలు చూడ్డానికి పోవాలి, బాస్ కళ్ళతో చూసి వేటాడే చేప, పైగా ఆ వడిలో దిగడం ప్రమాదం. గడ్డిలో నడిచొచ్చాక పిల్లల మోకాళ్ళ వెనకా, చెవుల వెనకా, జుట్టులోనూ టిక్స్ (రక్తం పీల్చే గోమార్లలాంటి పురుగులు) ఉన్నాయేమో రోజూ రాత్రి చూడండి, అవి కుడితే వచ్చే లైమ్ జబ్బు ఈ ప్రాంతంలో ఎక్కువ.

నెలల్లో జూన్ రెండో, మూడో వారాలు నా మొదటి ఎంపిక, నీళ్ళూ ఉంటాయి, వెచ్చగానూ ఉంటాయి, బడులు కూడా ఆ రోజుల్లోనే మూసేస్తారు. కుదిరితే సెప్టెంబర్ చివర ఒక వీకెండ్ ఇంకా బాగుంటుంది, చలికి ముందు చేపలు బాగా తింటాయి, కొండలు రంగు తిరగడం మొదలవుతుంది, కానీ అప్పుడు చిన్నపిల్లల్ని నీళ్ళలో ఎక్కువసేపు ఉంచలేం.

లైసెన్స్ ఏ రాష్ట్రంలో గాలం వేస్తే ఆ రాష్ట్రానిది తీసుకోవాలి, ఫోన్‌లోనే పది నిమిషాల్లో అయిపోతుంది, బయటి రాష్ట్రాలవాళ్ళకి కొద్దిరోజులకి మాత్రమే పనికొచ్చేవి కూడా ఇస్తారు. వర్జీనియాలో, పెన్సిల్వేనియాలో పదహారేళ్ళలోపు పిల్లలకి అక్కర్లేదు. చుట్టపుచూపుగా వచ్చిన అమ్మానాన్నలు కర్ర పట్టుకుంటే మాత్రం వాళ్ళకీ కావాలి, పెద్దవాళ్ళే కదా ఎవరడుగుతారని వదిలేయకండి. వాళ్ళు ఒకపూట సరదాకి వేస్తారంతే అనుకుంటే వర్జీనియాలో జూన్ మొదట్లో ఒక శుక్ర, శని, ఆదివారాలు లైసెన్స్ లేకుండా పట్టనిస్తారు, పెన్సిల్వేనియాలో మెమోరియల్ డే ముందు ఆదివారం, జులై 4. వర్జీనియా రోజులకి సరిపోయేలా లూరేలో క్యాబిన్ కావాలంటే ఏప్రిల్‌లోనే బుక్ చేసుకోండి, మే వచ్చేసరికి నది పక్కవి మిగలవు.